తాతబ్బాయి గారి పేరు మీద

నమోదు 1. అశ్విని కార్తె

పొద్దున్నే పలక మీద కరెంటు కేంద్రం వారి ఉత్తర్వు వెలిగింది. పొదుపు పేజీని ఎవరు వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో కనుక్కుని ఎప్పటికప్పుడు నమోదు చేసి పంపమని. ఈ మాట అడగడానికి వాళ్ళకి ఇన్నేళ్ళు పట్టింది. నన్నడిగితే కూర్చున్నచోటి నుంచి లేవకుండా చెప్పేదాన్ని. అందరూ వాడుతున్నారు, ఎందుకంటే జవాబులు రాసేది నేను. వాళ్ళకి పంపాల్సింది విడిగా పంపుతాను, ఇక్కడ రాసుకునేది మాత్రం నా సొంతానికి.

నా పేరు సువర్చల. సముద్రం ఒడ్డున తొమ్మిదో గట్టు మీద మూడో వరసలో మా ఇల్లు. ఇంట్లో కరెంటు ఎక్కడ కారిపోతోందో తెలియని వాళ్ళు నెట్‌లో పేజీ తెరిచి ప్రశ్న పెడతారు, నేను జవాబు పెడతాను. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ప్రశ్నలు వరదలా వస్తున్నాయి. బాతుగుడ్లు పొదిగే పెట్టె చుట్టూ ఏం కప్పితే వేడి నిలుస్తుంది? ఫ్రిజ్ తలుపు రబ్బరు సాగిపోతే ఏం చెయ్యాలి? చంటిపిల్లకి చెమటకాయలు రాకుండా ఫ్యాను ఎంతలో తిప్పాలి? పేజీ నాకు ప్రశ్న మాత్రమే చూపిస్తుంది, అడిగిన వాళ్ళ పేరు చూపించదు. పేరు చూపించేది వరస చివర బోర్డు. దానికేమో ప్రశ్న కనిపించదు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్రకి దండం పెట్టాలి.

ఇవాళ్టి ప్రశ్నల్లో ఒకటి ముచ్చటగా ఉంది. "ఎండాకాలం దేవుడి గదిలో స్వామివారికి చిన్న ఫ్యాను పెడుతున్నాం. ఆపేస్తే దోషమా?" అని. నేను ఇలా రాశాను: "దేవుడికి చెమట పట్టదు. పట్టేది మీ వరస కుండకి. ఆపెయ్యండి." కుండ అంటే వరసంతటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క పెద్ద బ్యాటరీ. కేంద్రం వారు దాన్ని ఏదో పొడుగు పేరుతో పిలుస్తారు. మేం కుండ అంటాం, అందులో కరెంటుని గిద్దల్లో, సోలల్లో కొలుచుకుంటాం.

ఈ జవాబు నాకే ఎంతో నచ్చి, భోజనాల దగ్గర అత్తయ్య గారికి చదివి వినిపించాను. ఆవిడ పేరు మాణిక్యాంబ గారు. మా ఆయన సముద్రంలో గాలిమరల మీద పనికి వెళ్ళి నెలకోసారి వస్తారు కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆవిడ విని, నాకు ఇంకో గరిటెడు పప్పు వడ్డించారు. తర్వాత దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మడి గది, నాకు ప్రవేశం లేదు. రోజూ ఆ వేళకి లోపల్నుంచి సన్నగా ఆవిడ జపం వినిపిస్తుంది, అది వింటూ నేను చిన్న కునుకు తీస్తాను.

మా ఇంటి వాడకం ఎప్పుడూ ఒక సోల ఎక్కువ చూపిస్తుంది. సలహాలు రాసే మనిషి ఇంట్లో కరెంటు వృథా ఎందుకవుతుంది, మీటరు పాతబడిందంతే.

నమోదు 2. అశ్విని కార్తె

ఎవరు వాడుతున్నారో ఇళ్ళకి వెళ్ళి అడిగితే పోలా అని బయల్దేరాను. ఎవరూ వాడటం లేదట.

ముందు మా వరసలోనే నూకరత్నం గారి గుమ్మంలో అడిగాను. ఆ పేజీ ఎర్రగా ఉంటుందో పచ్చగా ఉంటుందో కూడా తనకి తెలియదంది. తెలియదంటూనే, ఫ్రిజ్‌ని గోడకి జానెడు ఎడంగా పెట్టాలనీ, రబ్బరు సాగితే వేణ్ణీళ్ళలో ముంచి బిగించాలనీ నాకు చెప్పింది. ఇవి నా వాక్యాలు. పొల్లు పోకుండా నావే. ఎవరు చెప్పారని అడిగితే, వాళ్ళ పెద్దమావయ్య చెప్పాడంది. తర్వాతి ఇంట్లో నా వాక్యాలు చెప్పింది వాళ్ళ పిన్ని. ఆ పక్కింట్లో వియ్యపురాలు. నా రాతలకి ఇంతమంది చుట్టాలున్నారని నాకు ఇప్పటిదాకా తెలియదు. నెట్‌లో చదివానంటే ఎవరూ వినరు గానీ, మావయ్య చెప్పాడంటే తలకెక్కుతుంది.

మా వరస పెద్ద సూరిబాబు గారు నన్ను నిలబెట్టి పొదుపు గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. పెద్దరికం ఉన్న ఇంటికి సలహాలెందుకన్నారు. ఆయన ఉపన్యాసంలో సగం నాదే.

దీనికంతటికీ కారణం బోర్డు. సలహా తీసుకున్న ఇంటి పేరు బోర్డు మీద వేస్తే చూసి నలుగురూ నేర్చుకుంటారని కేంద్రం అనుకుంది. కానీ మా గట్టు మీద దాని అర్థం వేరు. పేరు పడిందంటే ఆ ఇంట్లో కుండకి చిల్లు పడిందని దండోరా వేసినట్టే. నాలుగు వరసల బోర్డులూ తిరిగి చూశాను. మూడింటి మీద ఒక్క పేరు లేదు, దుమ్ముంది. మా వరస బోర్డు మీద మాత్రం పై నుంచి కింది దాకా ఒకటే పేరు. తాతబ్బాయి, తాతబ్బాయి, తాతబ్బాయి.

ఈయన గురించి తెలియనివాళ్ళు కేంద్రంలోనే ఉంటారు. కరెంటు పొదుపుకని మా గట్టు మీద ఎవరూ ఫ్రిజ్‌ని గడ్డ కట్టేదాకా నడపరు. ఒక రోహిణి కార్తెలో, ఐసు అంటే ఏమిటో ఎరగని పిల్లలకి చూపిద్దామని ఒక బకెట్టు నిండా ఐసు గడ్డ కట్టించారు. పిల్లలు దాన్ని ముట్టుకుని కేకలు పెట్టారు. ఈలోగా వరస కుండ ఖాళీ అయిపోయి, ఆ సాయంత్రం ఏ ఇంట్లోనూ ఫ్యాను తిరగలేదు. అప్పట్నుంచి ఆయన ఐసు తాతబ్బాయి. ఏ పిల్లాడైనా లైటు ఆర్పడం మర్చిపోతే, ఐసు తాతబ్బాయివి అవుతావా అని తిడతారు. మనిషి ఇంకా మారలేదన్నమాట. ఇన్ని సలహాలు తీసుకుంటున్నాడంటే ఇంట్లో ఏం నడుపుతున్నాడో.

బోర్డుల సంగతి ఉన్నదున్నట్టు రాసి కేంద్రానికి పంపేశాను.

నమోదు 3. భరణి కార్తె

తాతబ్బాయి గారింటికి వెళ్ళాను. వరస చివరిల్లు. ముందు విశాలమైన అరుగు. ఆయన భార్య బతికుండగా దగ్గరుండి కట్టించుకుందట. అరుగు మీద రెండు బల్లలు, తడిగుడ్డ చుట్టిన మజ్జిగ కుండ, ఒక పలక. లోపల ఒక ఫ్యాను, ఒక దీపం. అంతే. వెతకడానికి ఇంకేమీ లేదు.

నేను పొదుపు పేజీ మనిషినని ఆయనకి తెలుసు. గ్లాసులో మజ్జిగ పోసిచ్చి ఎదురుగా ఒద్దికగా నిలబడ్డారు. బోర్డు మీద ఇన్నిసార్లు పేరు పడిందంటే ఈ మధ్య వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం ఈయనవే అయ్యుండాలి కదా. అందుకని బాతుగుడ్ల ప్రశ్న మీదేనా అని అడిగాను.

"నాదేనండి, ఆయ్."

"గుడ్లెక్కడున్నాయి బాబాయి గారూ?"

"తినేశానండి."

"పొదిగే పెట్టో?"

"అదెవరో అడిగితే ఇచ్చేశానండి."

"చంటిపిల్లకి చెమటకాయలని కూడా మీరే అడిగారా?"

"నేనేనండి."

"ఏదీ పిల్ల?"

"పెరిగిపోయిందండి."

మొన్ననే కదా అడిగారన్నాను. పిల్లలు ఎంతలో పెరుగుతారండీ అని, ఆయన నా గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోశారు. ఇంత చేతకాని అబద్ధాలు నేనెప్పుడూ వినలేదు. కోపం రావాలి, రాలేదు. మజ్జిగ బాగుంది.

ఇంటికొచ్చేసరికి దేవుడి గదిలో జపం వినిపించలేదు. నాలుగు రోజులుగా వినిపించడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. దాని బదులు గాజుల చప్పుడు వస్తోంది, ఒకే లయలో. సాయంత్రం అత్తయ్య గారు భుజం పట్టేసిందని నూనె రాయమన్నారు. పూజలు తగ్గించుకోమని సలహా ఇచ్చాను. మీటరు మాత్రం దానంతటదే బాగుపడినట్టుంది, ఆ ఎక్కువ సోల ఇప్పుడు చూపించడం లేదు.

నమోదు 4. భరణి కార్తె

నా చేతులతో నేనే చేసిన పని ఇది.

నేను బోర్డుల గురించి పంపిన నమోదు చూసి, కేంద్రంలోని లెక్కల యంత్రం పేర్లనీ ప్రశ్నలనీ మొదటిసారి కలిపి చూసింది. దాని లెక్క ప్రకారం తాతబ్బాయి గారింట్లో మూడు ఫ్రిజ్‌లు, గుడ్లు పొదిగే పెట్టె, కుట్టుమిషను, ఒక బాలింత, ఒక చంటిపిల్ల, ఫ్యానున్న దేవుడి గది ఉన్నాయి. మీటరు చూస్తేనేమో ఒక ఫ్యాను, ఒక దీపం. మరి మిగతావన్నీ దేనితో నడుస్తున్నాయి? దొంగ కరెంటుతో. యంత్రానికి ఇంతకన్నా ఆలోచించే ఓపిక లేదు.

నోటీసు నా పలకకే వచ్చింది, ఆయనకి చేర్చమని. రోహిణి కార్తె మొదటి రోజున ఆ ఇంటి వైరు తీసేస్తారు. రోహిణిలో ఫ్యాను లేకుండా మా గట్టు ఇళ్ళల్లో మనిషి బతకలేడు కాబట్టి ఆయన్ని పడవలో కేంద్రం చల్లగదికి తరలిస్తారు. ఇంటిని, ఇల్లు లేక ఎదురుచూస్తున్న వేరే కుటుంబానికి ఇస్తారు. చల్లగదికి వెళ్ళినవాళ్ళు సుఖంగానే ఉంటారు, తిరిగి ఇంటికి రావడం మాత్రం ఉండదు. ఏమైనా చెప్పుకోవాలంటే కృత్తిక కార్తె చివర్లో తనిఖీ అధికారి వస్తారు, ఆయన ముందు చెప్పుకోవాలి.

ఐసు చేసినాయన దొంగ కాదు. చంటిపిల్ల పెరిగిపోయిందని చెప్పే మనిషికి దొంగతనం చేతనవుతుందా?

నమోదు 5. కృత్తిక కార్తె

నోటీసు పట్టుకుని ఎలా చెప్పాలో తెలియక రెండుసార్లు ఆయన ఇంటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారి పొద్దు వాలుతుండగా వెళ్ళాను. అరుగు మీద సూరిబాబు గారు కూర్చుని ఉన్నారు. చేతిలో మజ్జిగ గ్లాసు. తాతబ్బాయి గారు పలక ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నారు.

"పిల్లలు బయటికొచ్చాక పెట్టె ఎన్నాళ్ళు వేడిగా ఉంచాలి, అని రాయి," అంటున్నారు మా వరస పెద్ద. "బాతుపిల్లలు అని రాయి. లేకపోతే కోళ్ళనుకుంటారు."

నన్ను చూశారు. మజ్జిగ గొంతుకి అడ్డం పడింది.

ఆయన దగ్గి తేరుకునేలోపు నూకరత్నం కూడా మెట్లెక్కుతూ కనిపించింది. వెనక్కి తిరగబోయి, చూసేశానని తెలిసి ఆగిపోయింది. ఆ తర్వాత కథంతా వాళ్ళే చెప్పారు, ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ. పేజీ తెరిస్తే పేరు బోర్డుకెక్కుతుంది. తాతబ్బాయి గారి పేరు ఎలాగూ పోయింది, ఇంకా పోవడానికేమీ మిగల్లేదు. అందుకని ఒకసారి ఎవరో మొహమాటంగా అడిగితే ఆయన సరేనన్నారు. ఇప్పుడు నాలుగు వరసలవాళ్ళూ ఇక్కడికే వస్తారు. మజ్జిగ తాగుతూ ప్రశ్న చెప్పి, మర్నాడు వచ్చి జవాబు విని, ఇంటికెళ్ళి మావయ్య చెప్పాడంటారు.

నా జవాబులు ఆయన బయటికి చదివి వినిపిస్తారట. నా విసుర్లకి అరుగంతా నవ్వుతుందట. ఇంతకాలం నేనేమో ఊరంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని నన్ను చదువుతున్నారనుకున్నాను. అందరూ ఒకేచోట కూర్చుని విన్నారు, నన్ను తప్ప అందరినీ పిలిచారు. కొంచెం ఈర్ష్య కలిగిందని ఇక్కడ రాయడానికి నాకేం సిగ్గులేదు.

అప్పుడు నోటీసు చదివాను. తాతబ్బాయి గారు పలక పక్కన పెట్టి, పొద్దుపోతోంది ఇంటికెళ్ళండని అందరికీ చెప్పారు.

నమోదు 6. కృత్తిక కార్తె

అధికారి ముందు నిలబడి, ఈ ప్రశ్న మాది అని చెప్పమని ఇంటింటికీ తిరుగుతున్నాను. తాతబ్బాయి గారికి అన్యాయం జరగకూడదని అందరూ అంటున్నారు, కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. చెప్పవలసింది మాత్రం పక్కింటివాళ్ళట. తన పేరు బోర్డెక్కితే పుట్టింట్లో తలెత్తుకోలేనంది నూకరత్నం. పెద్దరికమే పోయాక వరసని ఎవరు చూస్తారని సూరిబాబు గారు నన్నే అడిగారు. ఇంకో ఇంట్లో, నాలుగో వరసవాళ్ళు లేస్తే తామూ లేస్తామన్నారు. నాలుగో వరసకి వెళ్తే మూడో వరసవాళ్ళు లేవాలన్నారు.

ఇక మిగిలింది నేనే. అరుగు మీద నేను చూసినదంతా పేర్లతో సహా రాసి పంపితే యంత్రం లెక్క సరిపోతుంది, వైరు ఉంటుంది. ఆ మాటే తాతబ్బాయి గారికి చెప్పాను. ఆయన ఒప్పుకుంటారనుకున్నాను.

"వద్దమ్మా," అన్నారు.

"ఇల్లు పోతుంది బాబాయి గారూ."

"ఐసు చేసిన కాణ్ణించీ ఈ అరుగు ఎవళ్ళూ ఎక్కలేదండి. మా ఆవిడ పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి పలకరించెళ్ళిపోయారు. ఇప్పుడు కూచోడానికి బల్లలు చాలట్లేదండి. నన్నేమడిగారు, పేరేగా. ఇచ్చాను. మీరు పేర్లు రాసేస్తే ఇల్లు మిగులుద్దండి, అరుగు మిగలదు."

రాస్తే ఆయన్ని నమ్మి వచ్చినవాళ్ళు మళ్ళీ ఈ మెట్లెక్కరు. రాయకపోతే మెట్లే ఆయనవి కాకుండా పోతాయి. ఫ్రిజ్ రబ్బరుకి వెంటనే జవాబు చెప్పే మనిషిని, దీనికి చెప్పలేకపోయాను.

ఇంట్లో అత్తయ్య గారికి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ నా తల నిమురుతూ, అధికారి ఏ రోజు వస్తాడని మాత్రం అడిగారు.

నమోదు 7. కృత్తిక కార్తె, ఆఖరి రోజు

అధికారి పేరు ప్రసన్నకుమార్ గారు. చిన్న వయసు, పడవ దిగేసరికే చొక్కా తడిసిపోయింది. వరస చివర టార్పాలిన్ కింద బల్ల వేశాం. జనం నాలుగు వరసల నుంచీ వచ్చారు, చూడటానికి మాత్రం అందరూ ముందుంటారు. తాతబ్బాయి గారు ఉతికిన పంచె కట్టుకుని బల్ల ముందు నిలబడ్డారు. పేర్లన్నీ రాసిన నమోదు నా పలకలో ఉంది, పంపడమే తరువాయి. పంపాలో వద్దో నాకింకా తెలియదు.

అధికారి గారు ఒక్కో ప్రశ్నా పైకి చదివారు. ఇది మీదేనా? నాదేనండి. ఈ కుట్టుమిషను ఎక్కడుంది? పాడైందండి. మూడు ఫ్రిజ్‌లు? అవీ పాడయ్యాయండి. జనంలో ఎవరూ నవ్వలేదు. అందరూ కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. నా వేలు పలక మీదికి వెళ్ళింది.

అప్పుడే అధికారి గారు దేవుడి గది ఫ్యాను ప్రశ్న చదివారు. మీదేనా అని అడిగేలోపు వెనక నుంచి గొంతు వినిపించింది.

"అది నాది బాబూ."

అత్తయ్య గారు జనంలోంచి ముందుకొస్తున్నారు. మడి చీర, చేతిలో విసనకర్ర.

"మీరెవరండీ?" అన్నారు అధికారి గారు.

"జవాబు రాసినమ్మాయి అత్తగార్ని."

జపం, గాజుల చప్పుడు, భుజం నొప్పి, దానంతటదే బాగుపడిన మీటరు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ఒళ్ళో పడ్డాయి. ఇన్నేళ్ళుగా నేను వింటూ కునుకు తీసిన జపం, ఫ్యాను మోత.

"దేవుడికి చెమట పట్టదని రాసింది," అని ఆవిడ తాపీగా చెప్పుకొచ్చారు. "నిజవే కదాని ఫ్యాను ఆపేశాను. స్వామికి అలవాటైపోయిన గాలి మానిపించడానికి మనసొప్పక, నేనే విసురుతున్నాను. ఆయనకి పడుతోందో లేదో గానీ, నాకు మాత్రం ధారలుగా పడుతోంది నాయనా."

అధికారి గారు చెమట తుడుచుకున్నారు. ఇంట్లోనే సలహాలిచ్చే మనిషి ఉంటే ఆమెనే అడగకుండా, వేరే వాళ్ళ పేరు మీద ఎందుకడిగారని ఆయన నిజంగానే అర్థంకాక అడిగారు.

అత్తయ్య గారు ఆయన్ని జాలిగా చూశారు. "కోడల్ని సలహా అడుగుతారేంటి బాబూ, ఎవరైనా?"

మొదట నవ్వింది తాతబ్బాయి గారు. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలై టార్పాలిన్ అంతా పాకింది. మాణిక్యాంబ గారంటే గట్టు మొత్తానికీ గౌరవం. ఆవిడే అడిగిందంటే అడగడంలో తప్పేముందనిపించిందేమో, నూకరత్నం లేచి ఫ్రిజ్ రబ్బరు తనదంది. అనగానే, కాదు అది తనదని నాలుగో వరస నుంచి ఇంకొకావిడ లేచింది. రబ్బరు ప్రశ్న ఎవరు ముందు అడిగారని ఇద్దరూ వాదనకి దిగారు. కుట్టుమిషను లేచింది, బాలింత లేచింది, పెరిగిపోయిన చంటిపిల్ల కూడా ఎవరి చంకలోనో కనిపించింది. ప్రశ్నలు అయిపోయాయి గానీ చేతులు దిగడం లేదు. నా జవాబు విని బాగుపడ్డాం కాబట్టి ప్రశ్న మాదేనని కొందరు.

సూరిబాబు గారు మాత్రం కదలకుండా ఆకాశం చూస్తున్నారు. చివరికి ఎవరో గడుసువాడు బాతుగుడ్లు తనవన్నాడు.

"నీయ్యా?" అని గర్జించారు మా వరస పెద్ద. "ఒక్క గుడ్డు మురగకుండా అన్నీ పిల్లలయ్యాయి. నాయ్యండి అవి. నా గుడ్లండి. రాసుకోండి."

అధికారి గారు రాసుకున్నారు. రాసి రాసి, ఆఖరున తాతబ్బాయి గారి వైపు తిరిగి, మరి వీటిలో మీ ప్రశ్న ఏదని అడిగారు.

"నాదింకా ఏం లేదండి. అడగాల్సినంత ఇల్లు కాదండి నాది."

వైరు ఉంచుతున్నామన్నారు. ఇకమీదట ఎవరి ప్రశ్న వారే తమ పేరు మీద అడగాలన్నారు, నాకు కూడా పేర్లు కనిపించేలా చేస్తామన్నారు. నా పలకలోని నమోదు చెరిపేశాను. ఇంటికొస్తుంటే అత్తయ్య గారి చేతిలోంచి విసనకర్ర నేను తీసుకున్నాను.

నమోదు 8. రోహిణి కార్తె

నాలుగు బోర్డులూ నిండిపోయాయి. పేరు లేని ఇంటికి ఇప్పుడు చిన్నతనంగా ఉంది. నిన్న ఒకావిడ, ఈ కార్తెలో తన పేరు ఒక్కసారే పడిందని, ఏదో ఒకటి అడగడానికి ప్రశ్న చెప్పమని నన్నే అడిగింది.

దేవుడి ఫ్యాను జవాబు సవరించాను: "విసిరే చెయ్యి నొప్పి పుడితే ఫ్యాను పెట్టుకోవచ్చు. దేవుడి కోసమని కాదు, విసిరే వాళ్ళ కోసం." అత్తయ్య గారు ఇప్పటికీ నన్ను నేరుగా ఏమీ అడగరు. పక్క గదిలో కూర్చుని పేజీలో, తమ పేరు మీదే అడుగుతారు. ఈ గదిలో కూర్చుని నేను జవాబు పంపుతాను. భోజనాల దగ్గర ఇద్దరం ఎరగనట్టే ఉంటాం.

సాయంత్రం తాతబ్బాయి గారి ఇంటి ముందు నుంచి వచ్చాను. బల్లలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి, మజ్జిగ కుండకి తడిగుడ్డ చుట్టి ఉంది. ఎవరూ లేరు. ఆయన చెయ్యూపారు, నేనూ ఊపాను. పనుండి ఆగలేదు.

నమోదు 9. మృగశిర కార్తె

తొలకరి పడింది. మబ్బు పట్టి రెండు రోజులుగా ఎండ లేక కుండ సగానికి దిగింది, అక్కర్లేని దీపాలు వెలిగించొద్దని సూరిబాబు గారు చాటించారు.

చీకటి పడే వేళకి పేజీలో ఒక ప్రశ్న వచ్చింది. పేరు చూసి, పొరపాటేమోనని ఇంకోసారి చూశాను. తాతబ్బాయి.

"మనిషి లేని చోట దీపం వద్దని మీ పేజీలో మొదటి మాటండి. అరుగు మీద దీపం, ఎవరైనా వస్తారేమోనని వెలిగిస్తే, అది దండగలోకొస్తుందాండి?"

ఈ పేజీలో నేను తడుముకోకుండా జవాబు రాయని ప్రశ్న లేదు. దీనికి రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. అరుగు మిగలదని ఆయన ముందే చెప్పారు. విని కూడా నేను పనుందని ఆగకుండా వచ్చేశాను. ప్రశ్నని అత్తయ్య గారికి వినపడేలా పైకి చదివాను. అవతలి గదిలోంచి ఆవిడ లేచిన చప్పుడు వచ్చింది.

"దండగ కాదు. వెలిగించండి," అని రాశాను.

"అంత రాసి ఊరుకోకు. మజ్జిగుంచమను," అన్నారు అత్తయ్య గారు, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

అది కూడా రాసి పంపి, ఆవిడతో కలిసి ఆ అరుగు వైపు బయల్దేరాను. వరస చివర బోర్డు దగ్గర సూరిబాబు గారు నిలబడి, కొత్తగా పడిన ఆ పాత పేరు చూస్తున్నారు.

"ఈసారి ఎవరిదండీ ప్రశ్న?" అని అడిగారు.

"ఆయనదే," అన్నాను.

సూరిబాబు గారు బోర్డు వదిలి మా వెనకే నడిచారు.